నాన్న పైకెళ్ళిపోయాడు

ఆ గురువారం పొద్దున్నే ఇంజనీరు ఒక కాగితం ముక్క మీద రోజంతటినీ గడులు గడులుగా విడగొట్టుకున్నాడు. ఏడున్నరకు పైగది. పన్నెండుకల్లా మూడో స్తంభం లెక్క. రెండున్నరకు నివేదిక ఆఖరి పేజీ. మూడింటికి ఆఫీసుకు పంపడం. మూడున్నరకు స్కూలు గేటు. ఆ చివరి గడి చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. గడచిన మూడు వారాల్లో అతని కాగితం మీదికి పిల్లల ఊసు రావడం అదే మొదలు.

వంతెనలు ఎంత బరువు మోయగలవో లెక్కగట్టి చెప్పడం అతని ఉద్యోగం. నది మీద ఒక పాత వంతెన ఉంది. దాన్ని ఇంకో వరుస బళ్ళు పట్టేలా వెడల్పు చెయ్యొచ్చా, చేస్తే స్తంభాలు తట్టుకుంటాయా అన్నది తేల్చి ఈ గురువారం సాయంత్రానికి నివేదిక ఇచ్చి తీరాలని పెద్దసారు హుకుం. గంట కూడా ఆగేది లేదన్నాడు. ఆఫీసులో కూర్చుంటే పలకరింపులతోనే పొద్దుపోతుంది. ఇంట్లో కింద కూర్చుంటే పిల్లలు ఒళ్ళోకెక్కి కంప్యూటరు మీటలు నొక్కేస్తారు. అందుకని మూడు వారాల క్రితం, జోరున వాన కురుస్తున్న ఒక ఉదయం, అతను బల్లా కంప్యూటరూ మోసుకుని మేడ మీది గదిలోకి మకాం మార్చాడు. మెట్ల మొదట్లో పిల్లలు ఎక్కకుండా ఒక చిన్న చెక్కతలుపు బిగించాడు. బయటి చప్పుళ్ళేవీ వినబడకుండా చెవులకు పెద్ద హెడ్‌ఫోను తగిలించుకున్నాడు.

అతనికి ఇద్దరు పిల్లలు. పెద్దది అయిదేళ్ళ పిల్ల. ఒకచోట నిలవదు, క్షణం నోరు మూయదు కాబట్టి ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. రెండేళ్ళవాడు బుడ్డోడు. మకాం మార్చిన రోజునే వాళ్ళమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి కొత్త నియమాలు చెప్పింది. "నాన్న పైకెళ్ళిపోయాడు. ఇంక పిలవకూడదు. పిలిచినా పలకడు. కానీ పైనుంచి మనల్ని చూస్తూనే ఉంటాడు. సరేనా?" పిచ్చుక బుద్ధిగా తలూపింది. బుడ్డోడు చెక్కతలుపు పట్టుకుని పావుగంట ఏడ్చాడు. హెడ్‌ఫోను బాగా పనిచేస్తోందని ఇంజనీరుకు అప్పుడే రూఢి అయింది.

భార్య ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. కాళ్ళూ చేతులూ విరిగి అతుక్కున్నవాళ్ళకు మళ్ళీ నడవడం నేర్పుతుంది. బుడ్డోణ్ణి ఆ ఆసుపత్రిలోనే పసిపిల్లల గదిలో వదిలి, మూడింటికి డ్యూటీ దిగగానే ఇద్దరినీ తెచ్చుకోవడం ఆమె రోజువారీ పని. ఆ గురువారం మాత్రం వేళలు మారాయి.

"ఇవాళ ఆరింటిదాకా డ్యూటీ. పిచ్చుకని తేవడానికి పక్కింటావిడని అడగనా?" అంది, డబ్బాకు మూతపెడుతూ.

"ఆవిడెందుకు? నేను లేనూ?"

ఆమె చేతిలో మూత అలాగే ఆగిపోయింది. "నువ్వా?"

"నేనే. మూడున్నరకి. రాసుకున్నా చూడు."

"స్కూలెక్కడో గుర్తుందిగా?"

"వేళాకోళమా?"

"కాదులే. గేటు దగ్గర కార్డు చూపించాలి. ఫ్రిజ్ మీద అంటించి ఉంది. అది లేకపోతే పిల్లని పంపరు."

"ఊఁ" అన్నాడతను. అప్పటికే అతని మనసు మూడో స్తంభం దగ్గరికి వెళ్ళిపోయింది.

పిచ్చుక ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడుతో వచ్చి నిలబడింది. "నాన్నా, నిజంగా నువ్వే వస్తావా?"

"నేనే వచ్చి నిన్ను తీసుకెళ్ళిపోతా" అన్నాడతను, మెట్ల చెక్కతలుపు వేసుకుంటూ.

పైకి వెళ్ళగానే ఫోను నోరు నొక్కి బల్ల సొరుగులో పడేశాడు. ఆఖరి రోజు ఎవరితోనూ మాట్లాడేది లేదని నిశ్చయించుకుని హెడ్‌ఫోను తగిలించుకున్నాడు.

అదే వేళకు స్కూల్లో ఏం జరుగుతోందో అతనికి తెలియదు. తర్వాత నలుగురూ నాలుగు వైపుల నుంచీ చెప్పగా పూసగుచ్చినట్టు తెలిసింది. పిచ్చుక వాళ్ళ క్లాసు టీచరు చేరి రెండు నెలలే అయింది. చిన్న వయసు, మెత్తని మనసు. ఆ రోజు పిల్లల చేత 'మా ఇల్లు' బొమ్మ వేయించింది. పిచ్చుక ఇల్లు వేసి, ఇంటి ముందు అమ్మనూ, తమ్ముణ్ణీ, తననూ వేసింది. కప్పుకు పైన, మబ్బు పక్కన, ఒక మనిషిని విడిగా వేసింది. ఆ మనిషికి నోరు లేదు. తల మీదుగా గుండ్రంగా ఒక పెద్ద గీత మాత్రం ఉంది.

"ఈయనెవరమ్మా?" అని అడిగింది టీచరు.

"మా నాన్న. పైకెళ్ళిపోయాడు."

టీచరు పక్కనున్న బుల్లి కుర్చీలో మెల్లగా కూర్చుంది. "ఎప్పుడమ్మా?"

"పెద్ద వానొచ్చిన రోజు."

"మరి... నాన్నకి నోరు పెట్టలేదేం?"

"పిలిచినా పలకడు కదా. పిలవకూడదని అమ్మ చెప్పింది. మా తమ్ముడేమో తలుపు పట్టుకుని ఏడుస్తాడు. నేను పెద్దదాన్ని కదా, ఏడవను."

"అమ్మ ఏమంటుంది?"

"పైనుంచి మనల్నే చూస్తుంటాడు అంటుంది. నేను నిద్దరపోయాక వచ్చి దుప్పటి కప్పుతాడట. నేనెప్పుడూ చూళ్ళేదు."

తల చుట్టూ ఉన్న గీత ఏమిటో టీచరు ఇక అడగలేదు. దేవదూతల బొమ్మల్లో ఉండే వెలుగు చక్రం అనుకుని కళ్ళు తుడుచుకుంది. అది హెడ్‌ఫోను కావచ్చుననే ఊహ రావడానికి కారణమేదీ ఆమెకు లేదు. ఆమె గొంతు సవరించుకునేలోపే పిచ్చుక అసలు కబురు చెప్పింది. "ఇవాళ మా నాన్నే వస్తాడు టీచర్. వచ్చి నన్ను తీసుకెళ్ళిపోతానన్నాడు."

టీచరు బొమ్మ పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదిలోకి పరుగెత్తింది.

హెడ్మిస్ట్రెస్ ముప్పై ఏళ్ళు పిల్లల్ని చూసిన మనిషి. తొందరపడి ఏదీ నమ్మదు. అందుకని ముందు తల్లికి ఫోన్ చేసింది. ఆ తల్లి ఫోను ఆసుపత్రి అలమరలో ఉంది. ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ అది అక్కడే ఉంటుంది. తర్వాత చేరిక కాగితం తీసి చూస్తే తండ్రి నంబరున్న చోట ఆఫీసు నంబరుంది. పని వేళల్లో సొంత ఫోనుకు ఎవరూ చెయ్యకూడదని ఆ కాగితం నింపినప్పుడు ఇంజనీరే అలా రాశాడు. ఆమె ఆఫీసుకే చేసి, ఫలానా ఇంజనీరు గారి గురించి అంది.

"ఆయన ఇప్పుడు ఆఫీసుకి రావట్లేదండీ. మూడు వారాలైంది" అంది అక్కడ ఫోనెత్తినామె.

"తెలిసిందమ్మా. ఇప్పుడే పాప చెప్పింది. చాలా బాధేసింది. ఎలా పోయారు?"

"పోవడమేంటండీ?"

"అయ్యో. మీకు కబురే అందలేదా?"

పెద్దసారు మొదట కొట్టిపారేశాడు. "నిన్న సాయంత్రమే నాకు మెయిలు పెట్టాడే!" అన్నాడు. ఎందుకైనా మంచిదని ఇంజనీరుకు ఫోన్ చేయించాడు. ఏడుసార్లు చేశారు. సొరుగులో ఫోను ఏడుసార్లు నిశ్శబ్దంగా వెలిగి ఆరిపోయింది. "అయితే నిన్నటి మెయిలు తర్వాతే జరిగుంటుంది" అని పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. స్కూలావిడ లెక్కలో అతను పోయి మూడు వారాలైందన్న సంగతి ఆ కంగారులో ఎవరూ ఆలోచించలేదు. మధ్యాహ్నానికల్లా అతని గురించి ఆఫీసులో అందరూ మంచిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఇవేవీ తెలియని ఇంజనీరు ఆ రోజు తన జీవితంలోకెల్లా చక్కగా పనిచేశాడు. మూడో స్తంభం లెక్క ముప్పావుగంట ముందే తేలింది. మూడింటికి నివేదిక పంపేశాడు. బడలిక తీరేలా ఒళ్ళు విరుచుకున్నాడు. పనయిపోయిన సంతోషంలో ఇంటి చెప్పులతోనే, ఫోనూ పర్సూ మరిచిపోయి, ఫ్రిజ్ వైపు కన్నెత్తి చూడకుండా బయటపడ్డాడు. ఎండ చూసి కళ్ళు చిట్లించాడు. మూడు వారాల గడ్డం. మాసిన చొక్కా. ఎడమ మోచేతికి సిరా.

మూడున్నరకు రెండు నిమిషాలు తక్కువగా స్కూలు గేటు దగ్గరున్నాడు. గేటు దగ్గరి వాచ్‌మన్‌కు పాప పేరు చెప్పాడు.

"కార్డు సార్?"

"ఇంట్లో మర్చిపోయాను. పర్లేదు, నేను వాళ్ళ నాన్నని."

వాచ్‌మన్ అతన్ని గడ్డం నుంచి చెప్పుల దాకా చూశాడు. చేతిలో ఉన్న కాగితం మీద పేరు ఇంకోసారి చూసుకున్నాడు. గొంతు తగ్గించి, "ఆ పాపకి నాన్న లేరండీ" అన్నాడు.

"లేకపోవడమేంటయ్యా? నేనే!"

"పొద్దున్నే మేడమ్ పిలిచి మరీ చెప్పారు. నాన్ననని ఎవరొచ్చినా పాపని పంపొద్దన్నారు."

"ఎవరో నాన్ననంటే పంపకు. నేను నిజంగా నాన్నని!"

"వాళ్ళూ అలాగే చెప్తారు కదండీ" అన్నాడు వాచ్‌మన్, ఎంతో మర్యాదగా.

గేటు ముందు గుమిగూడిన తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఒకావిడ పిచ్చుక తల్లిని తలుచుకుని "ఆ మహాతల్లి ఎంత గుండెనిబ్బరంతో ఉందో" అంది. ఇంకొకావిడ "ఇలాంటి సమయం చూసే వస్తారు దొంగవెధవలు" అంది. ఇంజనీరు చుట్టూ చూశాడు. అరిస్తే దొంగంటారు, వెళ్ళిపోతే దొంగేనంటారు. వాచ్‌మన్ వెంట హెడ్మిస్ట్రెస్ గదికి నడిచాడు.

ఆమె లేచి నిలబడలేదు, కూర్చోమనలేదు. "గుర్తింపు కాగితం ఏదైనా ఉందా?"

"పర్సు ఇంట్లో ఉంది."

"ఫోను?"

"సొరుగులో ఉంది."

"పాప పుట్టినరోజు చెప్పండి."

అతను తేదీతో పాటు పుట్టిన సమయం, బరువు కూడా గ్రాములతో సహా చెప్పాడు. ఆమె ముఖంలో మార్పేమీ లేదు. "అవి కాగితాల్లో దొరుకుతాయి. కాగితాల్లో లేనివి అడుగుతాను. పోయిన వారం పాపకి పన్ను ఊడింది. పైదా, కిందదా?"

"పన్ను... ఊడిందా?"

"సరే. తన జట్టు ఎవరు?"

దీనికి అతనికి ప్రాణం లేచివచ్చింది. "రెండు జడల పాప! రోజూ దాని ముచ్చట్లే!"

"వాళ్ళిద్దరికీ కచ్చి పడి పది రోజులైంది. మాటల్లేవు. దేనికి భయపడుతుంది?"

"చీకటికి."

"అది పోయినేడాది మాట. ఇప్పుడు చేతులు ఆరబెట్టుకునే మిషను చప్పుడంటే భయం. బాత్రూముకి వెళ్ళాలంటే ఎవరో ఒకరు తోడుండాలి."

ఇంజనీరు ఎదురుగా ఉన్న గోడ గడియారం వైపు చూశాడు. మూడో స్తంభం అడుగున ఎన్ని టన్నుల బరువు ఆనుతుందో అడిగితే నిద్రలో కూడా చెప్పగలడు. తన కూతురి నోట్లో ఎన్ని పళ్ళున్నాయో తెలియదు. మూడు వారాలంటే అతని లెక్కలో పని పూర్తికావడానికి పట్టిన కాలం. ఆ కాలంలో ఒక పన్ను ఊడింది, ఒక స్నేహం విరిగింది, ఒక భయం పోయి ఇంకొకటి వచ్చింది. ఇవన్నీ అతని కాళ్ళ కింది అంతస్తులోనే జరిగాయి. హెడ్మిస్ట్రెస్ తనను మోసగాడని అనుమానిస్తోంది. 

"మేడమ్, పాపని పిలవండి. నేను దూరంగా నిలబడతాను. తను కాదంటే పోలీసుల్ని పిలవండి" అన్నాడు చివరికి.

ఆమె కాసేపు ఆలోచించి కబురు పెట్టింది. క్లాసు టీచరు పిచ్చుక చెయ్యి గట్టిగా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పిచ్చుక రెండో చంకలో రంగురంగుల కార్డుల కట్ట ఉంది. అతన్ని చూసిందో లేదో దాని ముఖం చాటంత అయింది.

"చూశారా టీచర్! మా నాన్న వస్తాడని చెప్పానా! వచ్చేశాడు!"

టీచరు "అమ్మో!" అని ఒక్క కేక పెట్టి, పిచ్చుక చెయ్యి మాత్రం వదలకుండా, ఉన్నచోటనే కూలబడింది. వాచ్‌మన్ నీళ్ళకోసం పరుగెత్తాడు. హెడ్మిస్ట్రెస్ ముప్పై ఏళ్ళ అనుభవంలో మొదటిసారి కుర్చీలోంచి దిగ్గున లేచింది. పిచ్చుక తాపీగా, "నాన్నా, పైన పనైపోయిందా?" అని అడిగింది.

"పైన... పనేంటమ్మా?" అంది హెడ్మిస్ట్రెస్, మాట కూడదీసుకుని.

"మా మేడ మీద. అక్కడ కంప్యూటరుంది" అంది పిచ్చుక.

హెడ్మిస్ట్రెస్ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. పొద్దుటి బొమ్మ బల్ల మీదికి వచ్చింది. ఇంజనీరు నోరు లేని తన బొమ్మను, తల చుట్టూ హెడ్‌ఫోనును చాలాసేపు చూశాడు. టీచరు మాత్రం ఏడుస్తూ, నవ్వుతూ, "నన్ను క్షమించండి సర్, పాప చెప్పిన ప్రతి మాటా..." అంది.

"పాప అబద్ధమేం చెప్పలేదు లెండి" అన్నాడతను.

తల్లి ఫోనుకు పొద్దున హెడ్మిస్ట్రెస్ పంపిన ఓదార్పు సందేశం ఆ హడావుడిలో ఎవరికీ గుర్తు రాలేదు.

దారిలో పిచ్చుక అతని భుజాలెక్కి కార్డులు చదివి వినిపించింది. క్లాసు పిల్లలందరూ తలా ఒకటి వేసిచ్చారు. 'నీకు మేమున్నాం' అని ఒకటి. 'మా నాన్నని నీకు ఆదివారాలు ఇస్తాను' అని ఇంకొకటి. "ఇవాళ నా పుట్టినరోజు కాదుగా నాన్నా, ఎందుకిచ్చారు?" అని అడిగింది. అతను జవాబు వెతుక్కుంటుండగా, "రెండు జడలది కూడా ఇచ్చింది. ఇంక మాకు పచ్చి, మాట్లాడుకుంటాం" అంది సంబరంగా. పోతే పోయాను, ఒక్క మంచిపని జరిగింది అనుకున్నాడతను.

ఇంటి మలుపు తిరిగేసరికి వాకిట్లో కారు ఆగి ఉంది. మెట్ల మీద పెద్దసారు నల్లకోటు వేసుకుని నిలబడ్డాడు. అతని పక్కన, ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే ఆవిడ ముక్కు తుడుచుకుంటోంది. ఇద్దరి మధ్యా బండి చక్రమంత పూలచక్రం, దానికి వెడల్పాటి రిబ్బను, రిబ్బను మీద అతని పేరు. పేరులో ఒక అక్షరం తప్పు.

పక్క సీటావిడ ముందుగా చూసింది. పెద్దసారు కోటు చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన తిరిగి చూసి రెండడుగులు వెనక్కి వేసి పూలచక్రం మీద పడబోయి ఆగాడు.

"ఏమయ్యా... నువ్వు..."

"నేనే సార్. బతికే ఉన్నాను."

విషయమంతా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. పక్క సీటావిడకు కోపం, సంతోషం కలిసి వచ్చాయి. "మూడింటికి మీ నివేదిక వచ్చింది. కార్లో చదువుతూ ఎంతేడ్చానో తెలుసా? మెయిలుకి ముందే టైము పెట్టి పోయుంటారు, పోతూ పోతూ కూడా మాట నిలబెట్టుకున్నారు అనుకున్నాం" అంది.

పెద్దసారు మాత్రం వేరే ఆలోచనలో ఉన్నాడు. ఇంజనీరును పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "సంతోషమయ్యా, చాలా సంతోషం. కానీ ఓ చిక్కుంది. వంతెనల శాఖ వాళ్ళకి నువ్వు పోయావని ఫోన్ చేశాను. పాపం, అడక్కుండానే నెల గడువిచ్చేశారు. ఇప్పుడు బతికున్నాడని చెబితే ఏం బావుంటుంది? నువ్వు ఓ నెల బయట కనబడకు. ఎలాగూ పైగదుంది కదా. ఈలోగా రెండో వంతెన లెక్క కూడా చూసెయ్. నీకూ ప్రశాంతం. ఎవరూ ఫోన్ చెయ్యరు."

"నెలరోజులు చచ్చిపోయి ఉండమంటారా సార్?"

"అంత పెద్ద మాటెందుకు? కాస్త కనబడకుండా ఉండమంటున్నా."

ఇంజనీరు ఏదో అనబోతుండగా వీధిలో టాక్సీ కీచుమని ఆగింది. భార్య దిగింది. ఆసుపత్రి కోటు, చంకలో బుడ్డోడు, ఒక కాలికే చెప్పు. నాలుగింటికి టీ తాగుదామని అలమర తెరిస్తే ఫోనులో హెడ్మిస్ట్రెస్ సందేశం కనబడింది. 'మీవారు పోయిన దుఃఖంలో కూడా పాపను రోజూ స్కూలుకు పంపుతున్న మీ ధైర్యానికి...' అని మొదలైంది. ఆమె ఆ పైన చదవలేదు. భర్తకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ మళ్ళీ చేసింది.

ఆమెకు మొదట కనబడింది పూలచక్రం. తర్వాత నల్లకోటు. ఆ రెండింటి వెనక, భుజాల మీద కూతురితో నిలబడ్డ భర్త ఆఖరున కనబడ్డాడు. ఆమె వచ్చి అతని ఛాతీ మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. ఇంకోసారి కొట్టింది. మూడోసారి కొట్టబోయి చెయ్యి అక్కడే ఆనించి ఉంచేసింది.

"ఫోనెందుకెత్తవు?"

"సొరుగులో..."

"ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు నేనా టాక్సీలో... ఈ పిల్లలకి ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ..." ఆమె బుడ్డోణ్ణి చంకలో పైకి ఎగదోసుకుంది. "వెతుక్కుంటే తెలుసా ఏమైందో? అన్నీ ఎప్పుడో చెప్పేసిన మాటలే దొరికాయి."

ఇంజనీరు పిచ్చుకను దింపి బుడ్డోణ్ణి అందుకోబోయాడు. వాడు అతని గడ్డాన్ని అనుమానంగా చూసి, చెయ్యి ఊపి, "టాటా" అన్నాడు. అది వీడ్కోలు కాదు. తండ్రి కంటబడ్డ ప్రతిసారీ, అంటే అతను పైకి వెళ్ళే వేళల్లో, అమ్మ 'నాన్నకి టాటా చెప్పు' అంటుంది కాబట్టి ఆ మనిషి పేరే టాటా అని వాడి నమ్మకం. సంగతి భార్య చెబితే గానీ అతనికి తెలియలేదు. పక్క సీటావిడ మళ్ళీ ముక్కు తుడుచుకుంది.

పెద్దసారు దగ్గాడు. "అమ్మా, మీరైనా చెప్పండి. ఓ నెల కనబడకుండా ఉండమంటే..."

"ఆయనకి అదేం కొత్త కాదు సార్. మూడు వారాల నుంచీ అలవాటే" అంది భార్య.

ఆ మాటతో ఇంజనీరు ఒక నిర్ణయానికి వచ్చినవాడిలా చెయ్యి చాచి, "సార్, మీ ఫోనొకసారి ఇస్తారా?" అన్నాడు. పెద్దసారు ఎందుకని అడిగేలోపే తీసుకుని వంతెనల శాఖ అధికారిణికి చేశాడు.

"నమస్కారమండీ. నేను పోయిన ఇంజనీరుని."

"ఎక్కడికి పోయిన ఇంజనీరు?" అందావిడ.

"పొద్దున మా సారు మీకు చెప్పింది నా గురించేనండీ. పొరపాటు జరిగింది. నేను క్షేమంగా ఉన్నాను. నివేదిక కూడా పూర్తయింది. మీరిచ్చిన నెల గడువు మాకు అక్కర్లేదు."

 "క్షేమం అన్నారు, అది చాలు నాయనా. నివేదికకేం తొందర? నదిలో నీళ్ళు తగ్గాలి, అప్పుడు గానీ మేం పని మొదలుపెట్టం. ఇంకో అయిదు నెలలు పడుతుంది."

"మరి ఇవాళే ఇమ్మని..."

"మేమా? ఎప్పుడైనా ఇవ్వండి అన్నాం. ఈ తేదీ మీ ఆఫీసువాళ్ళే వేసుకొచ్చారు. చురుగ్గా ఉన్నారే అని మెచ్చుకున్నాం కూడా."

అతను ఫోను తిరిగిచ్చేశాడు. పెద్దసారు పూలచక్రం రిబ్బను సరిచేయడంలో మునిగిపోయి ఉన్నాడు. కేకలు వెయ్యాలని ఇంజనీరుకు ఒక్క క్షణం అనిపించింది. కానీ తేదీ వేసింది పెద్దసారైతే, మెట్లకు తలుపు బిగించింది తనే. అది ఏ నదీ, ఏ వంతెనా అడిగింది కాదు. "సార్, రెండో వంతెన సోమవారం నుంచి ఆఫీసుకొచ్చి చూస్తాను. అయిదింటికి లేచిపోతాను" అన్నాడు. పెద్దసారు వాదించలేదు. చచ్చి బతికినవాడితో వెంటనే వాదం పెట్టుకోవడం ఆయనకూ బాగుండలేదేమో. వెళ్తూ పూలచక్రాన్ని ఏం చెయ్యాలో తోచక అక్కడే వదిలేసి వెళ్ళాడు. పిచ్చుక దాని మధ్యలో బుడ్డోణ్ణి నిలబెట్టి ఆట మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే ఇంజనీరు చెక్కతలుపు మేకులు ఊడబీకి, బల్లను కిందికి మోసుకొచ్చి, హాల్లో బూట్ల అరకూ కిటికీకీ మధ్య ఇరికించాడు. అయిదు నిమిషాల్లో బుడ్డోడు బల్ల కిందికి, పిచ్చుక బల్ల మీదికి చేరారు.

"పన్ను చూపించు" అన్నాడతను.

పిచ్చుక నోరు తెరిచింది. కింది వరసలో, ముందు, కొంచెం ఎడమ పక్కకు. ఖాళీలోంచి బియ్యపుగింజలో సగమంత తెల్లని అంచు అప్పుడే పైకి వస్తోంది. అతను చాలాసేపు చూశాడు. "నొప్పేసిందా?" అని అడిగాడు.

"అప్పుడేసింది. నీకు చెబుదామని మెట్ల దాకా వచ్చా" అంది పిచ్చుక.

వంటగదిలో గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది.  కాసేపటికి వంటగదిలో మళ్ళీ నీళ్ళ చప్పుడు మొదలైంది.

శుక్రవారం స్కూలు నుంచి పిచ్చుక సంచీలో ఒక కాగితం వచ్చింది. రికార్డులో 'లేరు' అని నమోదైన తండ్రిని మళ్ళీ 'ఉన్నారు' అని మార్చడానికి తల్లి సంతకం కావాలట. భార్య కలం పట్టుకుని కూర్చుంది. కింద ఒక ప్రశ్న ఉంది: తండ్రి ఏ వేళల్లో అందుబాటులో ఉంటారు?

"ఏం రాయను?"

"ఎప్పుడూ అని రాయి."

ఆమె కలం ఎత్తి అతని వైపు చూసింది.

"పోనీ, అయిదు తర్వాత. ఆదివారం పూర్తిగా" అన్నాడతను.

ఆమె అలాగే రాసి సంతకం పెట్టింది. పిచ్చుక కూడా పట్టుబట్టి పక్కన తన పేరు వంకరగా రాసింది. సోమవారం ఆ కాగితం స్కూలు నుంచి తిరిగొచ్చింది. తండ్రి ఉన్నాడన్న చోట హెడ్మిస్ట్రెస్ ఎర్రముద్ర వేసి, కింద చేత్తో రాసింది: 'తాత్కాలికంగా ఆమోదించడమైనది.'